పుంటికూరలోకి రాగి తూటా

దుకాణం యజమాని కళ్ళద్దాలు సర్దుకుని, కౌంటర్ మీదికి కాస్త వంగి, కృష్ణమూర్తిని మర్యాదగా అడిగాడు. "ఇంతకీ మీరు దేన్ని కొడుతుంటారు, సర్?"

"నేనా? నేను సాఫ్ట్‌వేరండీ" అన్నాడు కృష్ణమూర్తి.

పక్కనే నిలబడ్డ శ్యామలాదేవికి చిర్రెత్తుకొచ్చింది. రైఫిల్ ఆమెది. లైసెన్సు ఆమె పేరు మీద ఉంది. గార్డాలు, అంటే ఐరిష్ పోలీసులు, ఇంటికి వచ్చి, తుపాకీ పెట్టే ఇనప బీరువాను గోడకు బిగించారా లేదా అని గుంజి చూసి, ప్రశ్నలు వేసి వెళ్ళింది ఆమెని. వానలో కొండెక్కి దుప్పుల కోసం గంటల తరబడి బోర్లా పడుకునేది ఆమె. కృష్ణమూర్తి అయితే దీపావళికి చిచ్చుబుడ్డి వెలిగించాలన్నా చెయ్యి బారెడు చాచి, మొహం పక్కకు తిప్పుకునే మనిషి. ఇవాళ కారు నడుపుతానని వెంట వచ్చాడు, అంతే. అయినా ఈ దుకాణంవాడి కళ్ళకు తుపాకీ అనగానే మగమనిషే ఆనుతాడు.

"నాకు రాగి తూటాలు కావాలి" అంది శ్యామలాదేవి, మాట మాట ఒత్తి పలుకుతూ. "సీసం రవ్వంత కూడా ఉండకూడదు. త్రీ నాట్ ఎయిట్ రైఫిల్, ఎర్ర దుప్పుల కోసం. బరువు తక్కువ రకం."

యజమాని ఆమె మాట శ్రద్ధగానే విన్నాడు. జవాబు మాత్రం కృష్ణమూర్తికి చెప్పాడు. "రాగిలో తేలికవీ వస్తాయి, బరువైనవీ వస్తాయి, సర్. ఎర్ర దుప్పి అంటే పెద్ద జంతువు కదా. నేనైతే బరువైనవే తీసుకుంటాను."

కృష్ణమూర్తి గంభీరంగా తలూపి, భార్య వైపు తిరిగి తెలుగులోకి దిగాడు. "ఆయన చెప్పేది కరెక్టే, శ్యామలా. బరువుంటేనే గదా దెబ్బ గట్టిగ తాకేది."

"నీకెట్ల తెల్సు?"

"ఫిజిక్స్ గదా."

శ్యామలాదేవి కాజిల్‌బార్ పెద్దాసుపత్రిలో మత్తు డాక్టరు. రాగి తూటాల గురించి ఆమె వారం రోజులుగా, ఆపరేషన్‌కీ ఆపరేషన్‌కీ మధ్య చల్లారిన కాఫీ తాగుతూ చదువుతూనే ఉంది. సీసం కన్నా రాగి తేలిక. సీసం తూటా బరువే రాగిలోనూ కావాలంటే తూటా పొడుగు పెరుగుతుంది, పొడుగు పెరిగితే కొన్ని రైఫిళ్ళు దాన్ని గొట్టంలో సరిగ్గా గిరగిర తిప్పలేవు, గురి చెదురుతుంది. పైగా రాగి గట్టిది. మంచి వేగంతో తగిలితేనే మొన పువ్వులా విచ్చుకుంటుంది. వేగం చాలకపోతే సన్నని కంత చేసుకుని అవతలికి పోతుంది, దుప్పి ఆ గాయంతో పరుగెత్తి ఏ బురదలోనో పడి చస్తుంది. అందుకే తేలికది తీసుకోవాలి. ఇదంతా ఆమె వివరంగా చెప్పింది. యజమాని ఓపికగా విని, తేలిక రకం వచ్చే వారం గానీ రాదని, అదీ కృష్ణమూర్తికే చెప్పాడు.

ఆమె చేసేది లేక బరువైన పెట్టె కొనుక్కుని బయటికి వచ్చింది. తనకు తెలిసి తెలిసి ఇద్దరు మగవాళ్ళ మాటకు తల ఒగ్గినందుకు, కారులో ఇంటి దాకా కృష్ణమూర్తితో మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించనేలేదు. రేడియో పెట్టుకుని కూనిరాగం తీస్తూ నడిపాడు.

ఇన్నేళ్ళూ లేని రాగి పిచ్చి ఇప్పుడెందుకంటే, కూతురి వల్ల.

వర్షిత వాళ్ళకు ఒక్కతే కూతురు. పుట్టింది వరంగల్లో అయినా పెరిగింది ఇక్కడే. తల్లి తెలుగులో ఎంత మాట్లాడినా అంతా అర్థం చేసుకుంటుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ మేయో జిల్లా యాసలో ఇస్తుంది. ఆమె అన్నవాటిని ఇక్కడ తెలుగులో చెప్పుకోవడం మన సౌకర్యం కోసమే. భర్త ప్రజ్వల్‌తో డ్రోహెడాలో ఉంటుంది, బడిలో పాఠాలు చెబుతుంది. పద్నాలుగో ఏట, కోళ్ళను షెడ్లలో ఎలా పెంచుతారో చూసి వచ్చి మాంసం మానేసింది. ఆనాటి నుంచి తల్లి వండిన కూరల్లో సగం ఆ పిల్ల ముట్టుకోలేదు. తర్వాత కొన్నేళ్ళకు, పొరుగున గొర్రెలు పెంచే యూజీన్ అనే రైతు తన లేత మొక్కల బెరడంతా దుప్పులు గీకి తినేస్తున్నాయని మొత్తుకుంటుంటే, శ్యామలాదేవి ఆయన వెంట కొండెక్కి వేట నేర్చుకుంది. ఆసుపత్రి ఫోను మోగని చోటు ఆమెకు భూమ్మీద అదొక్కటే దొరికింది. అది తెలిసినప్పుడు వర్షిత చాలా నెలలు ఇంటికే రాలేదు.

ఇప్పుడు వర్షితకు ఐదో నెల. ఒంట్లో రక్తం తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పి, తిన్నదంతా బయటికి వస్తోంది. మాత్రలు పడకపోతే డ్రిప్పు పెడతామని డాక్టర్లు అన్నారు. ఆ మాట చెప్పడానికి ఫోన్ చేసిన రోజునే, ఉన్నట్టుండి అంది ఆ పిల్ల. "అమ్మా, నువ్వు కొట్టే దుప్పి తింటాను. అది షెడ్డులో పెరగలేదు కదా. చావబోతున్నానని దానికి తెలియకూడదు. సీసం ఉండకూడదు. అట్లా అయితే తింటాను."

ఇన్నేళ్ళలో కూతురు నోరు తెరిచి, నాకు ఇది వండి పెట్టమని శ్యామలాదేవిని అడగలేదు. వేవిళ్ళప్పుడు కూడా ప్రజ్వల్‌నే అడిగింది, అదీ ఉప్పు వేసిన చిప్స్. దసరాకు వస్తున్నానంది. వచ్చి వారం ఉంటానంది. ఆ వారంలో ఒక్కపూట తన చేత్తో వండింది ఆ పిల్ల కడుపు నిండా తినాలి. శ్యామలాదేవికి ఇక వేరే ఆలోచన లేదు.

సీసం మాటకు యూజీన్ నవ్వాడు. "నలభై ఏళ్ళుగా సీసంతోనే కొడుతున్నాను, డాక్టర్. గాయం చుట్టూ చెయ్యెడు వెడల్పున కోసి పారేసి, మిగతాది తింటున్నాం. మేమంతా గ్రాండ్‌గానే ఉన్నాం." ఇక్కడ గ్రాండ్ అంటే బాగానే అని.

ఆయన మాట ఆయన వంటకు సరిపోతుంది. ఆ ఇంట్లో దుప్పి అంటే తొడ కండ ముక్కను పెనం మీద అటూ ఇటూ కాల్చుకుని తినడమే. శ్యామలాదేవి ఇంట్లో అలా కుదరదు. జబ్బ, మెడ, పక్కటెముకలు అన్నీ బొక్కతో సహా కొట్టి, పుంటికూర, అదే గోంగూర, వేసి, పులుపు బొక్కల్లోకి దిగేదాకా ఉడికించాలి. కడిగినా పోని సీసం నలుసులు ఏ ముక్కలో ఉన్నా ఆ పులుపుకు కరిగి పులుసులోకి దిగుతాయి. తర్వాత మూలుగ పీల్చాలి. ఇన్నేళ్ళూ తాను, కృష్ణమూర్తి ఎంత తిన్నారో తలచుకుంటే ఆమెకు గుండె గుభేలుమంటుంది, కానీ వాళ్ళిద్దరి సంగతి అటుంచి, కడుపులో బిడ్డకు ఆ పులుసు పోయడం మాత్రం కుదరదు.

బరువైన రాగి తూటాలను ఆమె ఆ శనివారమే యూజీన్ పొలంలో పరీక్షించింది. ఆయన పారేసిన ప్రెస్ తలుపు ఒకటి బురదలో పాతి, దాని మీద కాగితం అంటించారు. ఇక్కడ అల్మారాను ప్రెస్ అంటారు. ఆమె బోర్లా పడుకుని, ఊపిరి బిగబట్టి కాల్చింది. మొదటిది పైన పడింది, రెండోది కుడికి పోయింది, మూడోది కాగితాన్నే తాకలేదు.

"రాగి నీళ్ళ గొట్టాలకు బావుంటుంది" అన్నాడు యూజీన్, జేబులోంచి చేతులు తీయకుండానే.

తేలిక రకం వచ్చాక మళ్ళీ వెళ్ళింది. ఈసారి కృష్ణమూర్తిని కారులోనే కూర్చోబెట్టింది. ఒక్కతే ఉంటే దుకాణంవాడు తనతో మాట్లాడక చస్తాడా అనుకుంది. వాడు కిటికీలోంచి కారు వైపు చూసి, "సార్‌కు బరువైనవి నచ్చలేదా?" అన్నాడు.

తేలికవి కూడా చెదిరే పడ్డాయి. కాస్త నయం, అంతే. శ్యామలాదేవి లేచి, మోకాళ్ళకు అంటిన బురద చూసుకుని, ఏడుపు దిగమింగుకుంది. వందల మందిని మత్తులో పడుకోబెట్టి క్షేమంగా లేపిన మనిషి, ఒక పాత తలుపు మీద చారెడంత జాగాలో మూడు కంతలు పెట్టలేకపోతోంది. యూజీన్ అప్పుడు తాపీగా అడిగాడు, గొట్టం ఎప్పుడు కడిగావని. పాత తూటాల మకిలి లోపల పేరుకుని ఉంటే రాగి దాని మీద కుదురుగా పోదట.

"ఈ ముక్క మొదట్లోనే చెప్పొచ్చు కదా!"

"నువ్వు అడగలేదు కదా."

ఆ సాయంత్రమంతా వంటింటి బల్ల మీద పాత దినపత్రికలు పరిచి, ఘాటు వాసనేసే మందుతో గొట్టాన్ని తోముతూనే ఉంది. గుడ్డ ముక్కలు ఆకుపచ్చగా, నల్లగా వస్తూనే ఉన్నాయి. కృష్ణమూర్తి ముక్కు మూసుకుని, కిటికీలన్నీ తెరిచి, చలేస్తోందని గొణిగాడు. ఆమె అది చెవిన పెట్టలేదు.

ఈ గోలంతా ఆమె రోజూ వర్షితకే చెప్పుకునేది. ఇంకెవరికి చెప్పుకుంటుంది? మొగుడు దుకాణంవాడి పక్షం, యూజీన్ సీసం పక్షం. డ్యూటీ దిగి కారెక్కగానే ఫోన్ కలిపి, "బిడ్డా, ఇయ్యాల ఏమైందో తెల్సా" అని మొదలుపెడితే ఇల్లు చేరేదాకా ఆపేది కాదు. వర్షిత పకపకా నవ్వేది. తలుపు మీద ఎక్కడెక్కడ పడ్డాయని అడిగేది. దుకాణంవాడి గొంతును అనుకరించి, "సార్‌ను అడగండి" అనేది. మాటల్లో మాటగా బిడ్డ తన్నింది అని కూడా చెప్పేది.

గొట్టం కడిగాక కాల్చిన మూడు తూటాలూ ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. యూజీన్ తలుపు దగ్గరికి నడిచివెళ్ళి, కంతల మీద బొటనవేలు ఆనించి చూసి, ఏమీ అనకుండా తిరిగి వచ్చాడు. ఆయన ఏమీ అనకపోవడమే పెద్ద మెప్పు. ఆ రకం పెట్టెల్లో దుకాణంలో చివరిది అదే. మళ్ళీ సరుకు రావడం వచ్చే నెల మాటే. అయితేనేం, పెట్టెలో ఇంకా సగానికి పైగా ఉన్నాయి, ఒక దుప్పికి ఒక్కటి చాలు. శ్యామలాదేవి ఎన్నో రోజుల తర్వాత ఆ పూట కంటి నిండా నిద్రపోయింది.

మహర్నవమి శుక్రవారం వచ్చింది. సాయంత్రం రైలుకు వర్షిత వస్తుంది. మధ్యాహ్నం కొండెక్కితే చీకటి పడేలోగా పని అవుతుంది. పొద్దున్నే కృష్ణమూర్తి హాల్లో అమ్మవారి పటం పెట్టి, తన ల్యాప్‌టాప్, కారు తాళాలు, కూరగాయల కత్తి, శ్యామలాదేవి స్టెతస్కోపు వరుసగా పేర్చాడు. తర్వాత వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"తుపాకి గూడ పెడ్తవా, శ్యామలా?"

"ఎందుకు?"

"ఆయుధపూజ గదా. ఇంట్ల అసలైన ఆయుధం ఉండంగ, నా ల్యాప్‌టాప్‌కు బొట్టు వెడ్తే అమ్మవారు నవ్వుకుంటది."

ఆ మాటలో న్యాయం ఉందనిపించింది ఆమెకు. మనసు కూడా తేలిగ్గా ఉంది. బీరువా తెరిచి, రైఫిల్ బోల్టు తీసి జేబులో వేసుకుని, తుపాకీని తానే పటం ముందు పెట్టింది. కొయ్య భాగం మీద ఒక్క బొట్టు, ఇంకెక్కడా వేలు పెట్టొద్దని చెప్పింది. రాగి తూటాల పెట్టె కూడా పక్కన పెట్టి, అక్కడే కూర్చుంది. అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోన్. వచ్చే వారం డ్యూటీల గురించి ఏదో తకరారు. కాగితం మేడ మీద ఉంది. వెళ్ళి, వాళ్ళతో వాదించి, తిరిగి కిందికి వచ్చేసరికి పటం ముందు పెట్టె ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది.

వంటింట్లో నీళ్ళ చప్పుడు వినిపించింది.

కృష్ణమూర్తి సింకు దగ్గర చొక్కా చేతులు మడుచుకుని నిలబడి ఉన్నాడు. స్టీలు గిన్నెలో చిక్కటి చింతపండు రసం, పక్కన ఉప్పు. తువ్వాలు మీద తూటాలన్నీ బారులు తీరి, రాగి మొనలు ఎర్రగా, ఇత్తడి ఒళ్ళు పచ్చగా, ధగధగా మెరిసిపోతున్నాయి. ఆఖరి నాలుగైదు ఇంకా గిన్నెలోనే మునిగి ఉన్నాయి.

"చూసినవా?" అన్నాడు ఆయన మొహం చాటంత చేసుకుని. "జిడ్డుగ, మబ్బు మబ్బుగ ఉండె. అమ్మవారి ముంగట అట్ల పెడ్తమా? రాగి చెంబు తోమినట్టే తోమిన. ఎంత మంచిగ మెరుస్తున్నయో."

శ్యామలాదేవి నోరు ఇక ఆగలేదు. "నీకేమన్న సోయి ఉన్నదా అయ్యా? అవి చెంబులా? లోపల మందు ఉంటది! అడుగున నిప్పు అంటుకునే బిళ్ళ ఉంటది! ముట్టొద్దని ఎన్నిసార్లు జెప్పిన? చింతపండు రసంల నానబెడ్తవా? ఎంతసేపైంది?"

"నువ్వు ఫోన్ మాట్లాడినంతసేపు" అన్నాడు ఆయన. మొహం అప్పటికే పాలిపోయింది. "హెయిర్ డ్రయర్ తెచ్చి ఆరబెట్టనా?"

"తూటాలకు హెయిర్ డ్రయర్ పెడ్తవా!"

ఆమె గిన్నెలోవి తీసి, అన్నిటినీ తువ్వాలుతో సహా ఎత్తి బీరువాలో పడేసి, తాళం వేసి, వానలో బయటికి వెళ్ళి కారు చుట్టూ తిరిగింది. ఎవరిని తిట్టాలో తెలియలేదు. కుట్ర చేసినవాడైతే మెడ పట్టుకోవచ్చు. ఈయన పుట్టబోయే బిడ్డ కోసం, అమ్మవారి కోసం, చేతులు ముడతలు పడేదాకా ప్రేమగా తోమాడు. అలాంటి మనిషిని ఏం చేస్తాం? దుకాణానికి ఫోన్ చేస్తే వచ్చే నెలేనన్నాడు. యూజీన్‌కు ఫోన్ చేస్తే ఆయన చాలాసేపు నవ్వి, ఇప్పటి తూటాల్లోకి నీళ్ళు అంత తేలిగ్గా దిగవని, చాలావరకు పేలతాయని అన్నాడు.

"చాలావరకు! సగం మత్తు ఎక్కితే చాలు కోసెయ్యొచ్చు అన్నట్టుంది" అంది ఆమె. పేలకపోతే దుప్పి పారిపోతుంది, అది నయం. మందు తడిసి నీరసంగా పేలితే తూటా దిగజారి కాలో కడుపో చీలుస్తుంది. చావబోతున్నానని దానికి తెలియకూడదని కూతురు అడిగింది.

"మరి సీసంతో కొట్టు. తొడ మాంసం ఒక్కటి తీసి పిల్లకు పెట్టు, గాయానికి అంత దూరంలో ఏముండదు" అన్నాడు యూజీన్. వెనక గుమ్మంలో నిలబడ్డ కృష్ణమూర్తి కూడా మెల్లగా అదే మాట అన్నాడు. "పాత పెట్టె ఉన్నది గదా. ఎవలకు ఎరుక?"

ఆమె బోల్టు బిగించి, పాత సీసం తూటాల పెట్టె జేబులో వేసుకుని, కొండ వైపు బయల్దేరింది.

వాన తెరిపిచ్చింది. యూజీన్ మొక్కల తోట అంచున, ఫెర్న్ పొదల్లో ఆమె కాచుకుని ఉంది. పొద్దు వాలే వేళకు పడుచు పోతు దుప్పి ఒకటి తోటలోంచి బయటికి వచ్చి, పక్కకు తిరిగి నిలబడింది. గాలి అటునుంచే వీస్తోంది. వేటగాళ్ళు ఏడాదంతా ఎదురుచూసే నిలబాటు అది. శ్యామలాదేవి చూపు దాని జబ్బ వెనక నిలిచింది. వేలు ట్రిగ్గర్ మీదికి వచ్చింది. యూజీన్ చెప్పింది అబద్ధమేమీ కాదు, తొడలో సీసం ఉండకపోవచ్చు. వర్షిత అడిగితే రాగితోనే కొట్టానని చెప్పొచ్చు. పాపం, ఆ పిల్ల నమ్ముతుంది. అమ్మ మాట కాబట్టి నమ్మి, కళ్ళు మూసుకుని తింటుంది. ఇన్నేళ్ళకు బిడ్డ మొదటిసారి అడిగిన ముద్దలో అబద్ధం కలిపి పెట్టడం శ్యామలాదేవి వల్ల కాలేదు. రైఫిల్ సేఫ్టీ వేసేసింది. ఆ చిన్న చప్పుడుకే దుప్పి తలెత్తి, ఒక్క గెంతులో తోటలోకి పోయింది.

"పో. నువ్వు గూడ పో" అని దాన్ని తిట్టి, ఆమె కొండ దిగింది. దారి పొడుగునా దుకాణంవాణ్ణి, యూజీన్‌ని, కృష్ణమూర్తిని, చింతపండును, తన బతుకును తిట్టుకుంటూనే ఉంది.

ఇంటికి వచ్చేసరికి వర్షిత వచ్చేసి ఉంది. వంటింట్లో తండ్రి జరిగిందంతా చెప్పినట్టున్నాడు, కుర్చీలో వెనక్కి వాలి, పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వుతోంది. తల్లిని చూసి నవ్వు ఆపింది. శ్యామలాదేవి రైఫిల్ బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చి, బురద బూట్లతోనే కూర్చుంది.

"దొరకలేదు బిడ్డా" అంది. తర్వాత, "దొరికింది. మంచిగ ముందుకొచ్చి నిలవడ్డది. నా దగ్గర సీసం తూటాలే ఉండె. కొట్టలేదు."

"నువ్వు కొట్టి ఉంటే నాకు తెలిసేది కాదు" అంది వర్షిత.

"నాకు తెల్సు గదా."

వర్షిత వేలితో బల్ల మీద గీతలు గీస్తూ, చిన్న గొంతుతో అంది. "అమ్మా, నాకు ఐరన్ డ్రిప్పు పెట్టేశారు. పోయిన నెలే. రక్తం ఇప్పుడు బాగానే ఉంది."

కృష్ణమూర్తి టీ కప్పు కింద పెట్టేశాడు. శ్యామలాదేవి చెవులు తనను మోసం చేస్తున్నాయేమో అనుకుంది.

"పోయిన నెలనా? మరి నేను ఈ నెల రోజులు కాళ్ళకు బలపం కట్టుకొని తిరుగుతుంటే ఎందుకు చెప్పలేదు? గొట్టం తోమి తోమి నా చేతులు పోయినయ్! ప్రజ్వల్‌కు తెల్సా?"

"తెలుసు. చెప్పొద్దన్నాను."

"ఎందుకు?"

"చెప్తే నువ్వు ఫోన్ చెయ్యడం మానేస్తావని" అంది వర్షిత. "ఇదివరకు నువ్వు ఎప్పుడు ఫోన్ చేశావు అమ్మా? పుట్టినరోజుకు, ఉగాదికి. అదీ ఎవరో పిలిస్తే మధ్యలో పెట్టేసేదానివి. ఈ తూటాలు మొదలయ్యాక రోజూ చేశావు. నాకు ఆ తిట్లు వినడం ఇష్టం. అందుకే చెప్పలేదు."

శ్యామలాదేవికి కోపం వచ్చింది, ఎవరి మీద పడాలో ఆ కోపానికి తెలియలేదు. కూతురు అబద్ధమేమీ ఆడలేదు. లెక్క వేసుకుంటే ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజం, ఇంకా తక్కువే చెప్పింది. ఎదురుగా కూర్చున్న కూతురి మొహం చూస్తూ, ఈ పిల్లను ఇంతకాలం ఎంత ఎండబెట్టానో అనుకుని, ఆమె బురద చేతులతోనే మొహం కప్పుకుంది. వర్షిత లేచి వచ్చి, పొట్ట అడ్డం పడుతుంటే పక్కకు తిరిగి, తల్లి భుజం మీద తల పెట్టింది. కృష్ణమూర్తి ఏం చేయాలో తోచక పప్పు పొయ్యి మీద పెట్టాడు.

ఆ వారం వాళ్ళు పప్పు, గుడ్లు, పచ్చిపులుసు తిన్నారు. వర్షిత అన్నీ రెండోసారి వడ్డించుకుంది. తర్వాతి శనివారం రైలెక్కి డ్రోహెడా వెళ్ళిపోయింది.

సోమవారం సాయంత్రం శ్యామలాదేవి ఇంటికి వచ్చి, సోఫాలో కూర్చుని, ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు ఊరికే చూస్తూ ఉంది. చెప్పడానికి ఏమీ లేదు. ఆసుపత్రిలో రోజంతా సాఫీగా గడిచింది. వాన లేదు. కూతుళ్ళతో తల్లులు రోజూ ఏం మాట్లాడతారో ఆమెకు నిజంగానే తెలియదు. ఎలా ఉన్నావంటే గ్రాండ్ అంటుంది, తిన్నావా అంటే తిన్నానంటుంది, అక్కడితో అయిపోతుంది. విసుగొచ్చి ఫోన్ బల్ల మీద పెట్టేసి, మళ్ళీ తీసి, కలిపింది.

"చెప్పమ్మా" అంది వర్షిత. గొంతు ఎదురుచూస్తున్నట్టే ఉంది.

శ్యామలాదేవి గదిలో అటూ ఇటూ చూసింది. ఎదురు కుర్చీలో కృష్ణమూర్తి కాళ్ళు చాపుకుని, ఎవరి జోలికీ పోకుండా, పేపరు చదువుకుంటున్నాడు.

"ఏం జెప్పమంటవ్ బిడ్డా?" అంది ఆమె, గొంతు నిండా విసుగు నింపుకుని. "మీ నాయన ఇయ్యాల ఏం జేసిండో తెల్సా?"

కృష్ణమూర్తి ఉలిక్కిపడి తలెత్తాడు. "నేనేం జేసిన?"

ఆమె చెయ్యి ఊపి ఆయన్ను ఊరుకోమంది. అటువైపు వర్షిత అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. కృష్ణమూర్తి పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, ఆ రోజు తాను చేయని పనులన్నీ చివరిదాకా కూర్చుని విన్నాడు.